చిన్న ఆర్కిడ్‌కి కుండీ మార్చే వేళ



పుట్టినరోజుకో గృహప్రవేశానికో పూలగుత్తికి బదులు ఆర్కిడ్ కుండీ ఇవ్వడం మన పట్టణాల్లో మామూలైపోయింది. అరచేతిలో ఇమిడే కుండీ, నాలుగైదు దళసరి ఆకులు, వాటి పక్కనుంచి పైకి లేచిన సన్నటి కాడ, కాడ పొడుగునా తెల్లవో గులాబీరంగువో పూలు. రెండు నెలలు, ఒక్కోసారి మూడు నెలలు కూడా ఆ పూలు చెక్కు చెదరకుండా ఉంటాయి. ఆ తర్వాత ఒకటొకటిగా రాలిపోతాయి, కాడ ఎండిపోతుంది. చాలా ఇళ్ళలో అక్కడితో ఆ మొక్క సంగతి ముగిసిపోతుంది. పూలు అయిపోయాయి కదా అని చెత్తబుట్టలో వేసేవాళ్ళు కొందరు. పాపం, ఎండిపోతోందేమోనని రోజూ నీళ్ళు పోసి పోసి కుళ్ళబెట్టేవాళ్ళు మరికొందరు.

అలా పారేసిన కుండీలు చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. పూలు రాలిన ఆర్కిడ్ చచ్చిన మొక్క కాదు. దాని తీరు తెలుసుకుని చూసుకుంటే పదేళ్ళకు పైగా బతుకుతుంది, ఏటేటా పూస్తుంది. పూలు రాలాక దానికి మనం చేయవలసిన పెద్ద ఉపకారం కుండీ మార్చడం. ఇవాళ ఆ పని గురించి కాస్త వివరంగా మాట్లాడుకుందాం.

మనకు నర్సరీల్లో ఎక్కువగా దొరికే ఈ ఆర్కిడ్ పేరు ఫెలనాప్సిస్. కార్ల్ బ్లూమ్ అనే వృక్షశాస్త్రవేత్త 1825లో ఈ పేరు పెట్టాడు. చూపుకి రెక్కల పురుగులా ఉండేది అని ఆ గ్రీకు మాటకు అర్థం. ఈశాన్య భారతం నుంచి ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ మీదుగా ఆస్ట్రేలియా ఉత్తర కొస దాకా, తేమ నిండిన వెచ్చటి అడవుల్లో ఈ జాతి ఆర్కిడ్లు పెరుగుతాయి. ఫిలిప్పీన్స్, తైవాన్‌లలో పెరిగే ఫెలనాప్సిస్ ఈక్వెస్ట్రిస్ అనే చిన్న జాతి ఒకటుంది. ఇవాళ మన కిటికీల్లో కనిపించే చిట్టి ఫెలనాప్సిస్‌లలో చాలావాటికి అది పూర్వీకురాలు. వీటన్నిటికీ ఒక లక్షణం సమానం. ఇవి నేలలో పెరగవు. చెట్ల కొమ్మల మీద, బెరడును పట్టుకుని పెరుగుతాయి.

ఇలాంటి మొక్క మనకు కొత్తేమీ కాదు. మన పాత మామిడితోటల్లో తలెత్తి కొమ్మలవైపు చూడండి. పట్టీల్లాంటి సన్నటి ఆకులు రెండు వరసలుగా పేర్చుకుని, లావుపాటి తెల్లటి వేళ్ళు గాలిలోకి వేలాడేసుకుని కనిపించేది వాండా అనే ఆర్కిడ్. దాని పూరేకుల మీద గోధుమరంగు గళ్ళు ఉంటాయి. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చి సామర్లకోటలో తోట వేసిన విలియం రాక్స్‌బర్గ్, 1795లో వెలువడిన తన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం మొదటి సంపుటంలో ఈ మొక్క బొమ్మ వేయించి, వర్ణన రాశాడు. మన రైతులు చాలామంది దీన్ని చెట్టు రసం పీల్చే బదనికల్లో కలిపేసి చూస్తారు. నిజానికి ఇది మామిడిచెట్టు నుంచి ఏమీ తీసుకోదు. కొమ్మ మీద నిలబడడానికి చోటు మాత్రం తీసుకుంటుంది. వానలో తడుస్తుంది, గంట తిరక్కుండా గాలికి ఆరుతుంది, మళ్ళీ తడుస్తుంది. ఆ తడవడమూ ఆరడమూ రెండూ కలిస్తేనే దానికి బతుకు.

కుండీ మార్చడంలో ఉన్న కిటుకంతా ఈ తడి ఆరడంలోనే ఉంది. ఆర్కిడ్ వేరును దగ్గరగా చూడండి. ఆరి ఉన్నప్పుడు వెండిలా తెల్లగా ఉంటుంది. నీళ్ళు చల్లగానే చూస్తుండగానే పచ్చగా మారుతుంది. వేరు మీద మృతకణాలతో అల్లుకున్న తొడుగు ఒకటి ఉంటుంది, దాన్ని వెలామెన్ అంటారు. వాన చినుకును క్షణాల్లో పీల్చి పట్టి ఉంచడం దాని పని. అది తడిసి పారదర్శకంగా మారినప్పుడు లోపలున్న పత్రహరితం మనకు కనిపిస్తుంది. అవును, ఈ వేళ్ళలో పత్రహరితం ఉంటుంది, వెలుతురు తగిలితే ఇవి కూడా ఆకుల్లా కొంత ఆహారం తయారు చేసుకుంటాయి. తొడుగు లోపలున్న సజీవ భాగం మాత్రం మనలాగే ఊపిరి తీసుకోవాలి. ప్రాణవాయువు గాలిలో పాకినంత సులువుగా నీటిలో పాకలేదు, దాదాపు 10,000 రెట్లు నెమ్మదిస్తుంది. అందుకే చుట్టూ ఎప్పుడూ నీరు నిలిచి ఉన్న వేరు ముందు ఊపిరాడక చస్తుంది, ఆ తర్వాత బూజు వచ్చి దాన్ని కుళ్ళబెడుతుంది. కుళ్ళు మనకు కనిపిస్తుంది గాని అసలు జబ్బు అంతకు ముందే మొదలై ఉంటుంది.

ఇప్పుడు మీరు కొని తెచ్చుకున్న కుండీలోకి తొంగి చూడండి. పైన చెక్క పెళ్ళలు కనిపిస్తాయి. అవి పైన్ చెట్టు బెరడు ముక్కలు. కొన్నిట్లో స్ఫాగ్నం అనే ఎండు నాచు కూరి ఉంటుంది. ఇవి రెండూ మంచివే, కాని శాశ్వతం కావు. ఏడాది, రెండేళ్ళలో బెరడు చీకిపోయి పొడి అవుతుంది. మన వేడికీ తేమకూ ఇంకా తొందరగానే చీకుతుంది. ముక్కల మధ్య గాలి ఆడే సందులన్నీ ఆ పొడితో పూడిపోతాయి.

కొన్న మొక్కలో దాగి ఉండే ఇంకో ప్రమాదం గురించి చాలామందికి తెలియదు. ఈ మొక్కల్ని టిష్యూ కల్చర్ ద్వారా లక్షల సంఖ్యలో పెంచుతారు. తైవాన్, నెదర్లాండ్స్ ఇందులో పేరు మోసిన దేశాలు. గాజుసీసాలోంచి తీసిన పసిమొక్కను మొదట చిన్న నాచు ముద్దలోనో స్పాంజి ముక్కలోనో నాటుతారు. అది ఎదిగాక ఆ ముద్దను అలాగే ఉంచి చుట్టూ బెరడు ముక్కలు నింపేస్తారు. పసిమొక్కకు ఆ ముద్ద అవసరమే. ఎదిగిన మొక్కకు మాత్రం అదే ప్రాణాంతకం. పైన బెరడు ఎండినట్టు కనిపిస్తుంది, మనం నీళ్ళు పోస్తాం. మొక్క మొదలు కింద, వేళ్ళు పుట్టేచోట, ఆ ముద్ద మాత్రం వారాల తరబడి తడిగానే ఉంటుంది. బాగున్న మొక్క ఉన్నట్టుండి చనిపోయిందని వాపోయేవాళ్ళ కుండీల్లో నేను ముందు వెతికేది ఈ ముద్దనే.

ఎప్పుడు మార్చాలి? పూలు ఉండగా మాత్రం మార్చకండి, మొగ్గలు రాలిపోతాయి. మన దగ్గర ఫెలనాప్సిస్ సాధారణంగా చలికాలం చివర పూసి, వేసవి మొదట్లో పూలు రాలుస్తుంది. వెంటనే ఏప్రిల్, మే నెలల్లో చేతులు పెడితే, 40 డిగ్రీల వేడిలో, గాయపడ్డ వేళ్ళతో మొక్క నిలదొక్కుకోలేదు. తొలకరి పడి గాలి చల్లబడి తేమ పెరిగేదాకా ఆగండి. జూన్ చివర నుంచి ఆగస్టు దాకా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దీనికి అనువైన కాలం. క్యాలెండరు కంటే నమ్మదగిన గుర్తు మొక్కే చూపిస్తుంది. ఆకుల కింద కొత్త వేళ్ళు మొలిచి, వాటి కొసలు నిగనిగలాడుతూ పచ్చగానో ఎర్రగానో కనిపిస్తే మొక్క సిద్ధంగా ఉన్నట్టు. ఆ కొత్త వేళ్ళు పొట్టిగా ఉన్నప్పుడే పని కానిస్తే మంచిది. బాగా సాగాక మారిస్తే లేత కొసలు విరుగుతాయి, కొస విరిగితే ఆ వేరు అక్కడితో ఆగిపోవచ్చు. వేళ్ళు కుళ్ళుతున్నాయని తెలిసినప్పుడు మాత్రం ఏ కాలమూ చూడనక్కర్లేదు. మండువేసవిలోనైనా ఆ రోజే మార్చాలి.

కుండీ ఎలాంటిది కావాలంటే, చిన్నది. మొక్క మీది ప్రేమకొద్దీ పెద్ద కుండీ పెట్టాలనిపిస్తుంది. పెద్ద కుండీలో నడిమధ్య భాగం త్వరగా ఆరదు. చిట్టి ఆర్కిడ్‌కి మూడు అంగుళాల కుండీ చాలు. ఉన్న వేళ్ళు కాస్త ఇరుగ్గా పట్టాలి, అంతే. కుళ్ళినవి తీసేశాక వేళ్ళు తక్కువ మిగిలితే ముందున్నదానికంటే చిన్న కుండీలోకి మార్చినా తప్పులేదు. అడుగున, పక్కలకు చిల్లులు తప్పకుండా ఉండాలి. అడుగున చిల్లు లేని పింగాణీ తొట్టిలో పెట్టి బహుమతి ఇస్తారు చూశారా, అది పైకి అందం, లోపల నీటిగుంట. మొక్కను దాంట్లో ఉంచాలనుకుంటే నీళ్ళు పోసేటప్పుడు బయటికి తీసి, పూర్తిగా వడిశాకే మళ్ళీ పెట్టండి.

మట్టికుండీయా, ప్లాస్టిక్‌దా అన్నది మీరుండే ఊరిని బట్టి నిర్ణయించుకోండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్ళలో గాలిలో తేమ ఎక్కువ. అక్కడ మట్టికుండీ బాగుంటుంది, పక్కలనుంచి కూడా ఆరుతుంది. అనంతపురం, కర్నూలు, హైదరాబాదు వంటి పొడి ఊళ్ళలో మట్టికుండీ మరీ తొందరగా ఆరిపోతుంది. అక్కడ చిల్లులున్న పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీనే నేను మేలంటాను. వేళ్ళు వెండిరంగులో ఉన్నాయా, పచ్చగా ఉన్నాయా అన్నది బయటనుంచే కనిపిస్తుంది. కొత్తగా పెంచేవాళ్ళకు అంతకంటే మంచి గురువు లేదు.

కుండీలో నింపడానికి మట్టి వద్దు, ఎర్రమట్టి కాదు, ఎరువు కలిపిన మట్టీ కాదు. పైన్ బెరడు ముక్కలు నర్సరీల్లో పొట్లాలుగా దొరుకుతున్నాయి. చిన్న మొక్కకు సెంటీమీటరు సైజు ముక్కలు సరిపోతాయి. వాటికి కట్టెబొగ్గు ముక్కలు మూడో వంతు కలపండి. ఇస్త్రీ బండివాళ్ళ దగ్గర దొరికే మామూలు కట్టెబొగ్గే, కొట్టి, పొడి జల్లించి వాడుకోవచ్చు. అచ్చు పోసిన బొగ్గు దిమ్మలు మాత్రం వద్దు, వాటిలో వేరే పదార్థాలు కలుస్తాయి. బెరడు దొరక్కపోతే కొబ్బరి పీచును ముక్కలుగా కోసి వాడుకోవచ్చు. కోనసీమవాళ్ళకు దానికి కొదవేముంది! అయితే పీచులో ఉప్పు ఉంటుంది, తీరపు చెట్ల కాయల్లో మరీను. రెండు మూడు రోజులు నానబెట్టి, నీళ్ళు మార్చి మార్చి కడగాలి. పైగా పీచు బెరడు కంటే ఎక్కువ తడి పట్టుకుంటుంది కాబట్టి బొగ్గు, ఇటుక ముక్కలు ఎక్కువ కలపాలి. బెరడును కూడా వాడే ముందు ఒక రాత్రి నానబెట్టండి. పూర్తిగా ఎండిన బెరడు మొదట్లో నీటిని పట్టనివ్వదు, పోసిన నీరు జారిపోతుంది.

ఇక పని మొదలుపెడదాం. ఉదయంపూట కుండీని ఒక గిన్నెడు నీళ్ళలో అరగంట ఉంచండి. ఎండిన వేళ్ళు పెళుసుగా ఉంటాయి, తడిస్తే సాగుతాయి. పూలకాడ ఎండి ఉంటే మొదలుకంటా కత్తిరించండి. పచ్చగా ఉన్నా ఈసారికి తీసేయమనే నేను చెబుతాను. కాడను ఉంచితే మళ్ళీ నాలుగు పూలు పూయొచ్చు, కాని కుండీ మారిన చిన్న మొక్క ఆ బలాన్ని వేళ్ళకు పెట్టుకోవడం మంచిది. కత్తెరను స్పిరిట్‌తో తుడిచి మంట మీద కాల్చి చల్లార్చండి. ఒక మొక్కనుంచి ఇంకో మొక్కకు వెళ్ళేటప్పుడు మళ్ళీ కాల్చండి. సింబీడియం మొజాయిక్ అనే వైరస్ ఆర్కిడ్లలో కత్తెరకు అంటిన రసం ద్వారానే ఎక్కువగా పాకుతుంది. వచ్చిందంటే మందు లేదు.

కుండీని నాలుగువైపులా మెత్తగా నొక్కి, మొక్క మొదలు పట్టుకుని నిదానంగా బయటికి తీయండి. రాకపోతే లాగకండి. కుండీనే కోసేయండి, దాని ఖరీదెంత! వేళ్ళ మధ్య ఇరుక్కున్న పాత బెరడును చేతివేళ్ళతో విడదీయండి. వేరుకు గట్టిగా అతుక్కున్న ఒకటి రెండు ముక్కల్ని వదిలేయవచ్చు. మొదలు కింద నాచు ముద్ద ఉందేమో చూసి, పళ్ళు లేని చిమ్టాతో కొంచెం కొంచెంగా లాగేయండి. ఈ పనికి తొందర పనికిరాదు, పక్కన రేడియో పెట్టుకుని కూచోండి.

తర్వాత వేళ్ళను ఒక్కొక్కటి నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే బతికున్నదే. చీకట్లో పెరిగిన వేళ్ళు పచ్చగా ఉండవు, పాలిపోయి పసుపు కలిసిన తెలుపులో ఉంటాయి. రంగు చూసి వాటిని కోసేయకండి. నొక్కగానే నీరు కారినా, బోలుగా చదునైపోయినా, లాగితే పైతొడుగు ఊడొచ్చి లోపల దారంలాంటి సన్నటి నార మిగిలినా, అది పోయిన వేరు. దాన్ని మంచి భాగం మొదలయ్యే చోటుదాకా కోయండి. కోసిన కొసల మీద మాత్రమే కాస్త దాల్చినచెక్క పొడి అద్దండి. అది బూజును ఆపుతుంది, గాయాన్ని ఆరబెడుతుంది. ఆ ఆరబెట్టే గుణం వల్లే మంచి వేళ్ళ మీద చల్లితే వాటినీ ఎండగొడుతుంది. ఇదే అదనుగా ఆకుల మొదళ్ళలో పిండినల్లి ఉందేమో చూడండి. తెల్లటి దూదిలా కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచేయండి.

నాటేటప్పుడు వేళ్ళను గుండ్రంగా తిప్పుతూ కుండీలోకి దించండి. ఆకుల మొదలు కుండీ అంచుకు కాస్త కిందుగా ఉండాలి. వేళ్ళ చుట్టూ బెరడు ముక్కలు పోస్తూ, కుండీని బల్లకు మెల్లగా తడుతూ సర్దండి. మొక్క ఊగకుండా బిగువుగా కూర్చోవాలి. ఊగే మొక్క కొత్త వేరు కొసను బెరడుకు రాచుకుంటూ పాడుచేసుకుంటుంది. అవసరమైతే ఒక పుల్లను దన్నుగా పెట్టి కట్టండి. బయటికి పెరిగిన గాలివేళ్ళను బలవంతంగా లోపలికి తోయొద్దు. గాలికి అలవాటుపడ్డ వేరు తడి బెరడులో కూరుకుపోతే తరచు కుళ్ళుతుంది. అవి అలా బయట వేలాడితే వికారంగా ఉందని కొందరు కోసేస్తారు, దయచేసి ఆ పని చేయకండి. కొమ్మ మీద ఉన్నట్టే ఉంటాయవి.

ఎక్కువ వేళ్ళు కోయాల్సివస్తే రెండు మూడు రోజులు నీళ్ళు పోయకండి, గాయాలు మానాలి. పొద్దున్నే ఆకుల మీద సన్నగా నీళ్ళు చిలకరిస్తే చాలు. కోతలు లేకపోతే మర్నాటినుంచే పోయొచ్చు. ఆ తర్వాత లెక్క, వారానికిన్ని సార్లని కాదు. వేళ్ళు వెండిరంగుకు తిరిగి, కుండీ ఎత్తి చూస్తే తేలిగ్గా అనిపించినప్పుడు పోయాలి. పోస్తే అడుగునుంచి ధారగా కారిపోయేలా పోయాలి. ఆకుల నడుమ మొవ్వులో నీరు నిలవకూడదు, నిలిస్తే కాగితం కొసతో అద్ది తీసేయండి. మొవ్వు కుళ్ళిన ఫెలనాప్సిస్‌ను నిలబెట్టడం చాలా కష్టం, ఎందుకంటే దానికి పెరిగే కొస అదొక్కటే. బోరునీళ్ళలో లవణాలు ఎక్కువ, అవి బెరడు మీద తెల్లగా పేరుకుంటాయి. వానాకాలంలో ఒక బక్కెట్టుడు వాననీరు పట్టుకుని ఉంచుకోండి, ఈ మొక్కకు అమృతం అదే. ఎరువు కొత్త వేరు కొసలు కనిపించేదాకా వద్దు. కనిపించాక 19-19-19 ఎరువును లీటరు నీటికి అర గ్రాము చొప్పున, రెండు వారాలకోసారి ఇవ్వండి. తూర్పు కిటికీలో పొద్దుటి లేత ఎండ తగిలితే చాలు.

మొక్క ఇప్పటికే నీరసించి ఉన్నవాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఆకులు ముడతలు పడి మెత్తగా వాలిపోయాయంటే నీరు చాలడం లేదని అనుకుంటాం, ఇంకా పోస్తాం. చాలాసార్లు జరిగింది దీనికి విరుద్ధం. ఎక్కువ నీటితో వేళ్ళు పోయాయి, కుండీలో నీరున్నా తాగే నోరు లేదు. అలాంటి మొక్కను బయటికి తీసి, పోయిన వేళ్ళు కోసి, గట్టిగా పిండిన తడి నాచు పిడికెడు అడుగున వేసిన పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో, మొదలు నాచుకు పైపైన ఆనేలా ఉంచి, మూతి వదులుగా కట్టి, నీడలో వెలుతురున్నచోట పెట్టండి. రెండు మూడు రోజులకోసారి మూతి తెరిచి గాలి తగలనివ్వండి. ఒక ఆకు బతికున్నా ఆశ వదులుకోకండి. వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. ముడతపడ్డ పాత ఆకులు మళ్ళీ నున్నబడకపోవచ్చు, దానికి బెంగపడొద్దు, కొత్త వేరు వచ్చిందా అన్నదే చూడండి.

మీ దగ్గరున్నది డెండ్రోబియం అయితే, అంటే కణుపులున్న లావుపాటి కాండాలు గుబురుగా ఉన్నదైతే, ఇవే పద్ధతులు పనికొస్తాయి, ఒక్క తేడాతో. అది పక్కకు పిలకలు వేస్తూ జరుగుతుంది కాబట్టి పాత కాండాల వైపును కుండీ అంచుకు ఆనించి, కొత్త పిలక వచ్చే వైపు ఖాళీ వదలాలి. ఆకులు రాలిన పాత కాండాల్ని కోసేయకండి, మొక్క నిలవ ఉంచుకున్న నీరూ ఆహారమూ వాటిలోనే ఉన్నాయి.

సరే, మార్చిన మొక్క ఎప్పుడు పూస్తుంది? ఉష్ణోగ్రత 28 డిగ్రీలకు పైన నిలిచి ఉన్నంతకాలం ఫెలనాప్సిస్ ఆకులు వేస్తుంది గాని పూలకాడ వేయదు. కొన్ని వారాలపాటు చల్లదనం తగలాలి. అందుకే కార్తీకమాసం వచ్చాక దాన్ని చలిగాలి తగిలే కిటికీ పక్కకు జరపండి. ఆకు చంకలోంచి ఏదో మొలిస్తే వేరో కాడో మొదట తెలియదు. కొస గుండ్రంగా నిగనిగలాడితే వేరు, కొంచెం చదునుగా, బొటనవేలు విడిగా పెట్టి ముడిచిన చేతి ఆకారంలో పైకి తిరిగి ఉంటే పూలకాడ. కాడ అని తేలాక కుండీని అటూ ఇటూ తిప్పకండి. అది వెలుతురు వైపు వంగుతూ పెరుగుతుంది, తిప్పితే మొగ్గలు తలో దిక్కుకూ మళ్ళుతాయి. జానెడు పెరిగాక పుల్ల పాతి వదులుగా కట్టండి. కుండీ మార్చిన మొదటి ఏడాది పూలు కాస్త తగ్గొచ్చు, మరుసటి ఏడాదికి పుంజుకుంటుంది. ఆ పూలు కూడా రాలాక, వచ్చే తొలకరికి, కుండీలోంచి ఒక బెరడు ముక్క తీసి వేళ్ళతో నలిపి చూడండి. గట్టిగా ఉంటే ఇంకో ఏడాది ఆగొచ్చు. నలిగి పొడి అయితే మళ్ళీ బెరడు నానబెట్టుకోండి.